పొద్దున పదకొండింటి రాక్ షో

మొన్న ఆదివారం సుధీర్ మా ఫ్లాటుకు వచ్చాడు, కూతురి పెళ్ళి పత్రిక ఇవ్వడానికి. ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేసి, "ఏ దిక్కు రావాలె స్వరూపా, నాకేం సమజైతలేదు, అంత మారిపోయింది" అన్నాడు. కిందికి వెళ్ళి తీసుకొచ్చాను. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఏ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల్ని అడిగినా 'మూడో గేర్' బ్యాండు అనగానే సుధీర్ పేరు చెప్పేవారు. అతను స్టేజి ముందుకొచ్చి జుట్టు విదిలిస్తే మైదానమంతా అరిచేది. ఇప్పుడు విదిలించడానికి జుట్టు లేదు. సోఫాలో కూర్చుని చాయ్ తాగుతూ, గోడకు వేలాడుతున్న నా గిటార్లను ఒక్కొక్కటే చూస్తూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. చాయ్ ప్యాంటు మీద ఒలికినా ఆపలేదు. "ఏందిరా?" అంటే, "పొద్దున పదకొండింటికి రాక్ షో! దునియాల ఎవరన్న పెట్టిర్రా? నువ్వు పెట్టినవ్. యెనక థర్మాకోల్ మీద ఎవరిదో పెళ్ళి పేర్లు. అయినంక బగారన్నం" అన్నాడు. ఇద్దరం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. అతను వెళ్ళిపోయాక వంటింట్లో కప్పులు కడుగుతూ కూడా నేనొక్కదాన్నే నవ్వుతున్నాను. ఆ రోజు గురించి నా విద్యార్థులకు ముక్కలు ముక్కలుగా చెప్పానేగాని, మొదట్నుంచీ చివరిదాకా ఎప్పుడూ కూర్చుని రాయలేదు.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక మూడో సందులో ఉండేవాళ్ళం. నాయిన పోచంపల్లి పక్కన ఉన్న మా ఊళ్ళో మగ్గం వదిలేసి వచ్చి, ఇక్కడ చీరల దుకాణం పెట్టాడు. అమ్మ నేను ఏడో తరగతిలో ఉండగా జ్వరంతో పోయింది. అప్పట్నుంచి ఇల్లంతా నాయినమ్మదే రాజ్యం. నాయినమ్మ ఊళ్ళో ఆసు పోసేది. చీర నేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ, రోజంతా, కొన్ని వేలసార్లు చేత్తో తిప్పే పని అది. ఆమె కుడి భుజం ఆ పనికే అరిగిపోయింది. పట్నం వచ్చాక తిప్పడానికి దారం లేక, అదే చేత్తో మా అందర్నీ తిప్పింది. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చేది, పొయ్యి మీద చాయ్ నీళ్ళు పెట్టేది, ఆ చాయ్ మరిగేలోపు ఇంట్లో ఎవరూ పడుకుని ఉండకూడదు. ఏ చీర చేతికిచ్చినా కళ్ళజోడు లేకుండానే అంచును బొటనవేలితో రుద్ది, "గిది మనోళ్ళు నేసింది గాదు" అని తేల్చేసేది. నాయిన దానికి పూర్తిగా వేరే మనిషి. ఏ పనీ తొందరపడి చేయడు. దుకాణానికి పోయేముందు ఇంట్లో ఉన్న సరుకులోంచి రెండు చీరలైనా తీసి, మడతలు విప్పి, దులిపి, మళ్ళీ మడిచి పెట్టాల్సిందే. ఎందుకని అడిగితే, "ఒక్కతీరుగ పండుకుంటె మనిషికి నడుం నొయ్యదా? చీరకు గూడ నొస్తది" అనేవాడు.

ఇంటి ముందు గది మొత్తం చీరల బేళ్ళే. కింది నుంచి పైకప్పు దాకా. గంజి వాసన, రంగుల వాసన, నాఫ్తలీన్ ఉండల వాసన, ఎండాకాలం వస్తే వీటన్నిటి మీదుగా కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి తేలివచ్చే మామిడిపండ్ల వాసన. నేను గిటార్ నేర్చుకున్నది ఆ గదిలోనే. ఇంటర్ పాసైనందుకు ఏం కావాలంటే గిటారన్నాను. అది వీణకు చెల్లెల్లాంటిది కాబోలనుకుని నాయిన కొనిపెట్టాడు. తరువాత కరెంటు గిటారూ, దాని డబ్బా స్పీకరూ ఇంట్లోకి వచ్చినప్పుడు కొంచెం అనుమానపడ్డాడుగాని ఏమీ అనలేదు. ఆ గదిలో ఎంత గట్టిగా వాయించినా చప్పుడంతా బేళ్ళు మింగేసేవి. మేడ మీద కిరాయికుండే మూర్తి మాస్టారికి నేను వాయిస్తానన్న సంగతే రెండేళ్ళ దాకా తెలియదు. ఆయనది గుడివాడ. ఇక్కడ కోచింగ్ సెంటర్లో వందల మంది పిల్లలకు ఒకేసారి మైకులో లెక్కలు చెప్పేవారు. తెలిసిన రోజున, "ఏవమ్మాయ్, ఇన్నాళ్ళూ ఆ కూనిరాగం గ్రైండరుదనుకున్నాను!" అని నొచ్చుకున్నారు.

సాగర్ రోడ్డు మీది ఇంజనీరింగ్ కాలేజీలో నేనూ నలుగురబ్బాయిలూ కలిసి మొదలుపెట్టిందే 'మూడో గేర్'. ఎనిమిదేళ్ళు వాయించాను. టీవీలో వచ్చాం. బస్టాపుల మీద మా పోస్టర్లు ఉండేవి. పోస్టర్లో సుధీర్ ముఖం సగం ఉండేది, మిగిలిన సగంలో మేం నలుగురం సర్దుకునేవాళ్ళం. స్టేజి మీద నా చోటు డ్రమ్స్‌కు ఎడమపక్కన, కొంచెం వెనకగా, లైటు సరిగ్గా పడని చోట. నాకది బాగానే ఉండేది, అబద్ధమెందుకు. వరసలు చాలావరకు నావి, మాటలు సుధీర్‌వి. నా చేతివేళ్ళ కింద పుట్టిన ముక్కను అంతమంది నోటితో పాడుతుంటే చీకట్లో నిలబడి వినడంలో ఉన్న ఆనందం తక్కువదేం కాదు. కాని ఆ ఎనిమిదో ఏడు నాకు మాటలు కూడా రావడం మొదలైంది. చీరల గదిలో నాలో నేను పాడుకునేదాన్ని. ఒకనాడు మలక్‌పేటలోని మా రిహార్సల్ గదికి ఒక పాట రాసుకుని వెళ్ళి, దీన్ని నేనే పాడతానన్నాను.

సుధీర్ నా తల మీద చెయ్యి వేసి, చాలా ప్రేమగా, "స్వరూపా, నువ్వు గిటార్. నువ్వు పాట గాదు. పాట సంగతి నేను చూస్కుంట తియ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బస్సెక్కాను. మూసారాంబాగ్ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి నిర్ణయం అయిపోయింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "ఇగ నేను రాను" అన్నాను. "రేపా?" అన్నాడు. "ఎప్పటికీ" అన్నాను. నాకు జ్వరమొచ్చిందేమోనని రెండు రోజులు ఎదురుచూశారట పాపం.

ఇంట్లో చెప్పడానికి భయపడ్డాను. అన్నం తింటున్న నాయిన చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుని, మొత్తం విన్నాడు. "అంటె ఒకరి దుకాణంల పని మానేసి సొంత దుకాణం పెడుతున్నవన్నట్టు" అన్నాడు. అంత సరిగ్గా నాకే తెలియదు. తలూపాను. "మరి దుకాణమన్నంక ఓపెనింగ్ ఉండాలె. ముహూర్తం చూపిస్త" అని లేచాడు. నేను సొంతంగా మొదటి షో ఇవ్వాలంటే ఏ హోటలువాళ్ళనో ఏ కాలేజీవాళ్ళనో నెలలకొద్దీ బతిమాలుకోవాలి అనుకుంటున్నాను. ఫోన్ చేసినచోటల్లా ఒకటే ప్రశ్న: "బాగుందండీ, కాని పాడేదెవరు?" నాయిన మాత్రం మరునాడు పొద్దున పూజారి దగ్గరికి పోయి ముహూర్తం రాయించుకొచ్చాడు. వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున పదకొండు గంటల ఏడు నిమిషాలు. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు ఇవతల ఉన్న ఫంక్షన్ హాల్ యజమానికి పెళ్ళి చీరలన్నీ మా దుకాణానివే. ఆ రోజు రాత్రి పెళ్ళుంది, మధ్యాహ్నం మూడింటి దాకా హాల్ వాడుకోండి, డెకరేషన్ మాత్రం ముట్టుకోవద్దన్నాడాయన. "నాయినా, పొద్దున పూట రాక్ షో ఎవరూ పెట్టరు" అని మొత్తుకున్నాను. "పొద్దున పూట మంది మంచిగ మెలకువతోని ఉంటరు గదనే" అన్నాడు. నాయినమ్మ వంటింట్లోంచే, "మందిని పిలిచి ఉత్త నోటితోని పంపిస్తవా? బగారన్నం పెట్టాలె" అని కేకేసింది. అలా పది నిమిషాల్లో నా సోలో షో పెళ్ళి కార్యం స్థాయికి వెళ్ళిపోయింది.

పాటల సంగతి మిగిలింది. ఏడు పాటలున్నాయి. వాటిలో ఒకటి నాయినమ్మ అరుపులతో కట్టింది. మా సందులో నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున, గంటసేపు వచ్చేవి. నల్లా ముందు గుర్రుమనేది, తరువాత దగ్గేది, తరువాత సన్నగా ధార. ఆ గుర్రు వినపడగానే నాయినమ్మ "నీళ్ళొచ్చినయ్!" అని ఒక కేక పెట్టేది. ఆ కేకకు మా ఇల్లే కాదు, సందంతా లేచేది. బిందెలూ బకెట్లూ గోలేలూ. "లేవే స్వరూపా, ధార సన్నగయితుంది! నల్లా కింద బకీటెవర్ది? జరుపుర్రి జర!" ఈ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా వరసలో పెట్టాను. గిటార్ మొదట గుర్రుమని, దగ్గి, తరువాత ఒక్కసారిగా దూకుతుంది. చీరల గదిలో పాడుకుంటే గొప్పగా ఉండేది. మైకులో పాడాలంటే మాత్రం నోరు పిడచకట్టుకుపోయేది.

మూర్తి మాస్టారు ఈ కష్టం విని నన్ను మేడ మీదికి పిలిపించారు. చేతికి గరిటె ఇచ్చి మైకనుకోమన్నారు. "చూడమ్మాయ్, మైకు ముందు గొంతు చించుకోకూడదు. పెంచే పని దానిది. నీ పనల్లా చివరి బెంచీలో కునుకు తీస్తున్నవాణ్ణి వెతికి పట్టుకుని, వాడొక్కడికే చెప్పడం. వాడు లేచాడంటే క్లాసంతా లేచినట్టే" అన్నారు. సొంత పాట పాడటానికి సిగ్గుగా ఉందంటే, "సరే, నా పాట పాడు" అని సైన్ స్క్వేర్ తీటా, కాస్ స్క్వేర్ తీటా సూత్రాలన్నీ రాసిచ్చారు. వారం రోజులపాటు పొద్దున్నే మేడ మీద గరిటె పట్టుకుని, త్రికోణమితిని రాక్ వరసలో పాడాను. కింది నుంచి నాయినమ్మ, "గీ పిల్లకు ఏమైందిరా, జర దవాఖానకు తీస్కపో" అని నాయినను పరేషాన్ చేసేది.

డ్రమ్స్ వాయించేవాళ్ళెవరూ దొరకలేదు. అందరూ సుధీర్ స్నేహితులే, మొహమాటపడ్డారు. షో పదిహేను రోజులుందనగా దుకాణం ముందు నుంచి ఒక పెళ్ళి బరాత్ పోతోంది. మీర్‌పేట్ బ్యాండు మేళం. అందులో మెడలో చిన్న డ్రమ్ము వేసుకున్న యాభై ఏళ్ళ మనిషి, జరీ టోపీ పక్కకు జారిపోయి ఉంది, ఏమీ పట్టనట్టు నడుస్తూ కొడుతున్నాడు. ఆ దెబ్బకు నా అరికాళ్ళలోంచి ఏదో పాకింది. రెండు సందులు అతని వెనకే పరిగెత్తాను. పేరు యాకూబ్ భాయ్. పెళ్ళికొడుకు గుర్రం ఆగినచోట పట్టుకుని, నాతో వాయిస్తారా అన్నాను.

"ఎవరి షాదీ?" అన్నాడు.

"షాదీ కాదు భాయ్. నా పాటలు."

"దూల్హా లేడా? గుర్రం లేదా? మరి నేను ఎవరి ముంగట నడవాలె?"

"నడవద్దు. స్టేజి మీద ఒక్కతాన నిలబడి వాయించాలె."

ఆయన జారిన టోపీ సరిచేసుకున్నాడు. "నిలబడి కొట్టుడు నాకు రాదమ్మా. చిన్నప్పటి సంది నడుస్తనే కొట్టిన. కాళ్ళు ఆగితె చేతులు గూడ ఆగుతయ్" అన్నాడు. అయితే స్టేజి మీదే నడవండి అన్నాను. చీరల గదిలో మొదటి రిహార్సల్‌లో ఆయన బేళ్ళ మధ్య ఉన్న నాలుగడుగుల జాగాలో అటు రెండడుగులు, ఇటు రెండడుగులు నడుస్తూ నీళ్ళ పాటకు వాయించాడు. పాట అయిపోయాక నాయినమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "గీయన అన్నం తిని పోవాలె" అంది. మా ఇంట్లో అంతకుమించిన ప్రశంస లేదు.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి హాల్లో సౌండ్ చూసుకుందామని మైకులో "హలో" అన్నాను. ఆ హలో వెనక గోడకు కొట్టుకుని, పైకప్పుకు తగిలి, నాలుగు హలోలై తిరిగొచ్చి నా మీద పడింది. అన్నాళ్ళూ పాడింది బేళ్ళ మధ్య. ఇక్కడ ఖాళీ గోడలు, నున్నటి బండలు. ఒక్క మాట కూడా అర్థం కావడం లేదు. స్పీకర్ల అతను పెదవి విరిచి, "హాల్ గింతే మేడం, పెళ్ళి మంత్రాలు గూడ గిట్లనే మోగుతయ్" అన్నాడు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. వెనక థర్మాకోల్ మీద మెరుపులద్దిన పెద్ద అక్షరాలతో 'శ్రీలత వెడ్స్ రమేష్' అని ఉంది. అటు చూస్తే ఇంకా ఏడుపొచ్చింది. నాయిన హాల్ మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాడు, విన్నాడు. మళ్ళీ కొట్టాడు. నా దగ్గరికొచ్చి, "మన ముందటి గదిల గిట్ల మోగదు గదా?" అన్నాడు. "అక్కడ చీరలున్నయ్ నాయినా" అన్నాను. అంతే, స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయాడు.

గంటలోపు రెండు ట్రాలీ ఆటోలు వచ్చి ఆగాయి. ఇంట్లో ఉన్నవీ దుకాణంలో ఉన్నవీ అన్నీ. చీరలు, దుప్పట్లు, నేత గుడ్డ తానులు. ఏ పనీ తొందరపడి చేయని మా నాయిన నిచ్చెనెక్కి, చొక్కా చెమటతో తడిసిపోతుంటే, కిటికీ ఊచలకూ ఫ్యాన్ కొక్కేలకూ తాళ్ళు కట్టి చీరలు వేలాడదీస్తున్నాడు. మూర్తి మాస్టారు కింద నుంచి, "నలభై అయిదు డిగ్రీల కోణంలో కట్టండి బాబూ, శబ్దం చీలిపోతుంది" అని చెబుతున్నారు. ఎరుపు, నీలం, పసుపు, నలుపు తెలుపు గళ్ళు, చిలకలు, ఏనుగులు. హాల్ నాలుగు పక్కలా పైనుంచి కింది దాకా మా ఊరి నేత. మళ్ళీ "హలో" అన్నాను. ఒక్కటే హలో వినపడింది. మెత్తగా, నా గొంతుతో. ఎగిరి గంతేశాను, నిజంగానే. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిని.

పదకొండయ్యింది. జనం లేరు. మామిడి కాలం కదా, కొత్తపేట దగ్గర లారీలు అడ్డంపడి రోడ్డంతా ఆగిపోయింది. యాకూబ్ భాయ్ కూడా అందులోనే ఇరుక్కున్నాడు. నాయిన గడియారం చూసుకుంటూ, "ముహూర్తం దాటనియ్యొద్దు, ఒక్క తీగన్న మీటు బిడ్డా" అంటే, పదకొండూ ఏడుకు ఖాళీ కుర్చీల ముందు ఒకే ఒక్క తీగ మీటాను. నాయినమ్మ చప్పట్లు కొట్టింది. పదకొండున్నరకు బయట డ్రమ్ము వినపడింది. యాకూబ్ భాయ్ ఆటో దిగి లారీల మధ్య నుంచి వాయించుకుంటూ నడిచి వస్తున్నాడు. బరాత్ మనిషి కదా, వెనక జనం రాకుండా ఉంటారా? ఆటో వదిలేసిన మా చుట్టాలు, బస్సు దిగిపోయిన మాస్టారి విద్యార్థులు, లారీ కదలక ఊరికే కూర్చున్న మార్కెట్ హమాలీలు, ఒక ఊరేగింపుగా హాల్లోకి వచ్చి పడ్డారు. హమాలీల భుజాల మీది తువ్వాళ్ళ నుంచి హాలంతా మామిడి వాసన. ఆడవాళ్ళందరూ కుర్చీల వైపు కాక తిన్నగా గోడల వైపు వెళ్ళి చీరల అంచులు పట్టుకుని చూస్తున్నారు. ఆ వెనక తలుపు దగ్గర, చేతులు కట్టుకుని, సుధీర్. బ్యాండు మొత్తం వచ్చింది.

మొదటిది ఉత్త గిటార్ ముక్క. అది నాకు అలవాటైన పని, హాయిగా అయిపోయింది. రెండోది నీళ్ళ పాట. గిటార్ గుర్రుమంది, దగ్గింది, దూకింది. నేను నోరు తెరిచాను. గాలి కూడా రాలేదు. యాకూబ్ భాయ్ ఏమీ తెలియనట్టు మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ గుర్రు, మళ్ళీ దగ్గు, మళ్ళీ దూకుడు. నోరు తెరిచాను. లేదు. మూడోసారి. ముందు వరసలో చుట్టాలు ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. తలుపు వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. సుధీర్ తల దించుకుని ఉన్నాడు. సరిగ్గా అప్పుడు చివరి వరసలోంచి మూర్తి మాస్టారు లేచి నిలబడి, చూపుడువేలు ఎత్తి, "మేడమ్! డౌటు!" అని అరిచారు. జీవితమంతా పిల్లలు ఆయన్ను అలా అడిగారు, ఆయన ఎవరినీ అడగలేదు. విద్యార్థులు ఒక్కసారిగా గొల్లుమన్నారు. "చివరి బెంచీకి వినపడట్లేదండీ!" అన్నారాయన, ముఖంలో నవ్వన్నది లేకుండా. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మైకులో పడి హాలంతా వినపడింది. బాగుంది వినడానికి. ఆ నవ్వు వెనకే, దాన్ని పట్టుకునే, "నీళ్ళొచ్చినయ్!" అని వచ్చేసింది.

హాల్లో నీళ్ళ కోసం తెల్లవారుజామున లేవని మనిషి ఒక్కరు కూడా లేరు. రెండోసారి ఆ మాట వచ్చేటప్పటికి మొత్తం హాలు నాకంటే ముందే అరిచింది. "బకీటెవర్ది?" అని నేనంటే "నాది!" అని హమాలీలు. "జరుపుర్రి జర" అంటే విద్యార్థులు నిజంగానే కుర్చీలు జరిపి లేచి ఎగరడం మొదలుపెట్టారు. యాకూబ్ భాయ్ స్టేజి ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నవాడు, ఇక పట్టలేక మెట్లు దిగి జనంలోకి నడిచి, హాల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మళ్ళీ ఎక్కి వచ్చాడు. పాట ఎక్కడ ఆపాలో తెలియక అయిదుసార్లు ముగించాను.

నాలుగో పాట మధ్యలో టప్‌మని గిటార్ తీగ తెగింది. ఇంకో గిటార్ వెంట తెచ్చుకోలేదు. అందరూ చూస్తున్నారు. తలుపు దగ్గర నుంచి సుధీర్ పరిగెత్తుకొచ్చాడు. స్టేజి ఎక్కి, నా మెడలోంచి గిటార్ తీసుకుని, నా పెట్టెలో తీగల ప్యాకెట్ వెతుక్కుని, నా కాళ్ళ దగ్గర నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తీగ మార్చడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళు నేను ఎవరి వెనక నిలబడ్డానో ఆ మనిషి. తల పైకెత్తి, "పాడు, ఆపకు" అన్నాడు. నా చేతుల్లో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. యాకూబ్ భాయ్ కర్రలు మెల్లగా డ్రమ్ము అంచు మీదికి జరిపాడు, చిటికెలంత చప్పుడు. దాని మీద పాడాను. గిటార్ లేకుండా, ఎవరి చాటూ లేకుండా, వెలుతురులో. ఒక చరణం, రెండు చరణాలు. తీగ బిగించడం అయిపోయాక కూడా సుధీర్ గిటార్ ఇవ్వలేదు, ఒడిలో పెట్టుకుని చివరిదాకా విన్నాడు. అప్పుడు లేచి, నా మెడలో వేసి, చెవి దగ్గర, "నేను తప్పు చెప్పిన" అని మాత్రం అని దిగిపోయాడు. దాని గురించి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మొన్న కూడా.

బంతి భోజనాల దగ్గర ఒక ముసలి జంట నాయినను పట్టుకున్నారు. రాత్రి పెళ్ళికి సూర్యాపేట నుంచి పొద్దుటి బస్సుకే వచ్చేసి, షో మొత్తం మొదటి వరసలో కూర్చుని చూశారట. "పిల్ల మంచిగ పాడింది. హుషారున్నది. కని పిల్లగాడే..." అని ఆ పెద్దాయన పెరుగు వడ్డించుకుంటున్న యాకూబ్ భాయ్ వైపు బాధగా చూశాడు. "జర వయసు ఎక్కువ గాదా?" యాకూబ్ భాయ్‌కి పొలమారింది. వాళ్ళకు విషయం అర్థమయ్యాక కూడా, తెచ్చిన అక్షింతల్లో కొన్ని నా తల మీద వేసే వెళ్ళారు.

ఆ తరువాత నేనేమీ పెద్ద పేరు తెచ్చుకోలేదు. ఆ ఏడు పాటలూ సీడీగా వేస్తే, నాయిన దుకాణంలో చీర కొన్నవాళ్ళందరి సంచుల్లోనూ అడగకుండానే ఒకటి పడేసేవాడు. భువనగిరిలో, నల్గొండలో, ఇబ్రహీంపట్నంలో నా పాట విన్నవాళ్ళలో సగం మంది పట్టుచీరల కోసం వచ్చినవాళ్ళే. చాలా ఏళ్ళు కాలేజీల్లో, హాళ్ళలో వాయించాను, పాడాను. ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకు నేర్పుతున్నాను. 'మూడో గేర్' ఇంకో రెండేళ్ళకు ఆగిపోయింది. యాకూబ్ భాయ్, నాయిన, నాయినమ్మ ఇప్పుడు లేరు. మాస్టారు గుడివాడ వెళ్ళిపోయారు, పండగలకు ఫోన్ చేసి చివరి బెంచీ ఎలా ఉందని అడుగుతారు. పండ్ల మార్కెట్ ఊరి బయట బాటసింగారానికి తరలిపోయింది. ఎండాకాలం కిటికీ తెరిస్తే ఇప్పుడు రోడ్డు వాసనే వస్తుంది. ఆ హాల్ ఉన్నచోట ఆరంతస్తుల బట్టల షాపు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు పడకగదిలో ఫోన్ ముందు కూర్చుని పాడి, సాయంత్రానికల్లా లోకానికి వదిలేస్తారు. నువ్వు పాట కాదని వాళ్ళతో ఎవరూ అనరు, అన్నా వాళ్ళు వినరు. అందుకు నాకు వాళ్ళంటే కొంచెం అసూయ, చాలా సంతోషం. వాళ్ళ పాటను ఎంతమంది విన్నారో ఫోన్ చెబుతుంది. ఆ విన్నవాళ్ళకు మామిడి వాసన ఉందో లేదో, తెల్లవారుజామున నీళ్ళకు లేచారో లేదో చెప్పదు. ఇది వాళ్ళకు లోటని నేను అనుకోను. నాకు ఆ రోజు ఎక్కువ దొరికింది, అంతే.

ఆ మధ్యాహ్నం చీరలన్నీ మడిచి ఆటోల్లోకి ఎక్కించి, నాయినను వాటితో పంపించి, నేనూ నాయినమ్మా వేరే ఆటోలో ఇంటికి బయలుదేరాం. లారీలు కదిలాయి, రోడ్డు ఖాళీగా ఉంది. నాయినమ్మ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఆమెకు నచ్చలేదేమో, తన అరుపులన్నీ నలుగురిలో పెట్టానని కోపమొచ్చిందేమోనని నాకు గుబులుగా ఉంది. కొత్తపేట దాటాక నా వైపు తిరిగింది.

"నేను గట్లనే ఒర్రుతనానే?"

"ఇంకా గట్టిగ ఒర్రుతవ్ నాయినమ్మా."

"మరి నువ్వు గూడ గట్టిగనే పాడాలె గదా. గంత మెల్లగ పిలిస్తె నీళ్ళకు ఎవరొస్తరు?" అంది.

ఆ తరువాత ఏ షోలోనూ ఆ పాట మెల్లగా పాడలేదు. ఇప్పటికీ పాడటం లేదు, కావాలంటే మా కింది ఫ్లాటు వాళ్ళను అడగండి.